కుళాయిల కంపెనీ విదేశీ శాతం

కంపెనీ ఎంత విదేశీదో కొలవడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీరు నవ్వితే నవ్వండి. చెల్లెలు ఆ ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ళక్క కూడా నవ్వింది.

"అంటే, జ్వరం చూసినట్టు చూస్తావా ఏంటే?"

"అలాంటిదే అనుకో."

"ఎంతుంటే మంచిదట?"

"ఎంత ఎక్కువుంటే అంత మంచిదట."

"బాగుంది సంబరం" అంది అక్క.

ఇద్దరిదీ ఒకటే కంపెనీ. కుళాయిలు చేస్తారు. ముందు వైపు అద్దాల భవనంలో మూడో అంతస్తు చెల్లెలిది. వెనక వైపు రేకుల షెడ్డులో టెస్టింగ్ సెక్షన్ అక్కది. చెల్లెలు వచ్చి ఆరేళ్ళు, అక్క వచ్చి పంతొమ్మిదేళ్ళు. మధ్యలో నాలుగు లారీలు పట్టేంత ఖాళీ జాగా. ఆ జాగా దాటి పైవాళ్ళు ఇటు రారు, ఇటువాళ్ళు అటు పోరు. అక్కాచెల్లెళ్ళు పొద్దున గేటు దాకా కలిసి వచ్చి అక్కడ విడిపోతారు, సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర కలుస్తారు.

అమ్మ పోయాక చెల్లెలిని పెంచింది అక్కే. జడలు వేసిందీ అక్కే, మొండికేస్తే వీపు మీద రెండు వేసిందీ అక్కే. తనకి పెళ్ళయింది, కుదరలేదు, తిరిగొచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎత్తరు. చెల్లెలి చదువంటే మాత్రం అక్కకి పిచ్చి. తాను చదవని చదువంతా చెల్లెలి చేత చదివించి, ఆ తర్వాత "నువ్వేం చదివావో నాకొక్క ముక్క అర్థం కాదే" అని ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

అందుకని చెల్లెలు ఒకసారి వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది. మన కంపెనీ వంద కుళాయిలు అమ్మితే అందులో ఎన్ని బయటి దేశాల్లో అమ్ముడుపోయాయి, అదొకటి. మన భవనాలూ యంత్రాలూ వంద పాళ్ళయితే ఎన్ని పాళ్ళు బయట ఉన్నాయి, అది రెండు. మన దగ్గర వందమంది పనిచేస్తుంటే ఎంతమంది బయట పనిచేస్తున్నారు, అది మూడు. మూడూ కలిపి మూడుతో భాగిస్తే వచ్చేదే విదేశీ శాతం.

"అంతేనా?" అంది అక్క. "ఈ మాత్రానికి ఇంత చదువా?"

చెల్లెలికి నిజంగానే నామోషీ వేసింది. తర్వాత ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఈ శాతాలన్నీ పోగేసి ఏటా జాబితా వేసే సంస్థ ఒకటుంది. యాభై దాటినవాళ్ళ పేర్లే అందులో ఉంటాయి. ఎండీ గారికి ఆ జాబితా మీద మనసు పడింది. పడిందంటే అలాంటిలాంటి పడటం కాదు. ఆయన గదిలో గోడంత ప్రపంచ పటం, కుళాయి అమ్మిన చోటల్లా ఒక ఎర్ర గుండుసూది. వచ్చినవాళ్ళకి ముందు ఆ సూదులు చూపించి గానీ కుర్చీ చూపించడు. పోయినేడు నలభై ఎనిమిది వచ్చింది, ఈ ఏడు నలభై తొమ్మిది పాయింట్ నాలుగు దగ్గర ఆగింది. ఏడాది ముగియడానికి నెల ఉంది. "యాభై ఎలా వస్తుందో చూడమ్మా" అన్నాడు. చెవిలో జోరీగలా రోజూ అదే మాట.

చెల్లెలు చూసింది. నెలలో అమ్మకాలు పెరగవు, నెలలో బయట భవనం లేవదు. మిగిలింది మనుషుల లెక్క. బయటి ఫ్యాక్టరీలో ఐదు వందల మంది, ఇక్కడ ఐదు వందల అరవై మంది. ఆమెకొక అలవాటు ఉంది. అసలు లెక్క కింద నాలుగైదు వరసలు పసుపు రంగు పూసి పెట్టుకుంటుంది. అందులో ఇది మారిస్తే ఏమవుతుంది, అది మారిస్తే ఏమవుతుంది అని ఊరికే అంకెలు వేసి చూస్తుంది. మనం బట్టల కొట్టులో కొనకపోయినా చీరలు తీయించి చూస్తామే, అలాగన్నమాట. మొదటి వరసలో బయట వందమందిని పెంచి చూసింది. రెండో వరసలో బయటి భవనం విలువ పెంచి చూసింది. మూడో వరసలో ఇక్కడి మనుషులను తగ్గించి చూద్దామనుకుంది. ఎంత తగ్గించాలి? ఏదో ఒక అంకె. వేలు మీటల మీద పడింది: అరవై రెండు. యాభై పాయింట్ నాలుగు వచ్చింది. ఓహో, ఈ వైపు లాగితే తొందరగా కదులుతుందన్నమాట అనుకుని, టీ తాగడానికి లేచింది. సాయంత్రం ఎండీ తొందరపెడితే ఆ పసుపు వరసలు చెరపకుండానే ఫైలు పంపేసింది.

చేసిందల్లా అంతే. దేవుడి మీద ఒట్టు, అంతే.

సోమవారం పొద్దున ఎండీ గది నుంచి పిలుపొచ్చింది. వెళ్తే సిబ్బంది ఆఫీసరు కూడా ఉన్నాడు, ముందర లావుపాటి పేర్ల పుస్తకం పెట్టుకుని. ఎండీ ఆమెకి సూదులు చూపించకుండానే కుర్చీ చూపించాడు. అప్పుడే ఆమెకి అనుమానం రావలసింది.

"ఇన్నేళ్ళల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరమ్మా" అన్నాడు. "టెస్టింగ్ సెక్షన్ అని పేరు పెట్టకుండా ఉత్త అంకె పెట్టి ఊరుకున్నావు చూడు, అది పద్ధతి. మాకు అర్థమైపోయింది."

"ఏ అంకె సర్?"

"మూడో వరస. అరవై రెండు."

సిబ్బంది ఆఫీసరు పుస్తకం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించాడు. టెస్టింగ్ సెక్షన్, మొత్తం అరవై రెండు.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెల్లెలికి అప్పుడు తెలిసింది. టెస్టింగ్ షెడ్డులో బల్లల మీద కుళాయిలు బిగించి, గట్టి ఒత్తిడితో నీళ్ళు వదులుతారు. ప్రతి మనిషీ తన చోట నిలబడితే గానీ పంపు వేయకూడదు, ఎవరైనా బల్ల మీదికి వంగి ఉంటే మొహం పగులుతుంది. అందుకని సెక్షన్ పెద్ద రోజూ పంపు ముందు నిలబడి తలలు లెక్కపెట్టాలి, పైకి అనాలి. ఆ పెద్ద అక్క. పదకొండేళ్ళుగా రోజూ తనతో కలిపి గట్టిగా లెక్కపెట్టి "అరవై రెండు" అంటుంది, పంపు వేస్తుంది. ఇంట్లో కూడా అదే మాట. "మా అరవై రెండు మందికీ ఈ రోజు తిండి అరగలేదే, ఒకటే నవ్వులు." "మా అరవై రెండు మందిలో ఒకడికి కొడుకు పుట్టాడు." వినీ వినీ చెల్లెలి వేళ్ళకి ఆ అంకె సొంత ఇంటి నంబరులా అలవాటైపోయింది.

"సర్, అది ఊరికే వేసి చూసిన అంకె" అంది.

ఎండీ నవ్వాడు. "ఊరికే వేస్తే యాభై వేస్తాం, అరవై వేస్తాం. ఊరికే అరవై రెండు ఎవరు వేస్తారమ్మా?"

నిజం చెప్పినా నమ్మేలా ఉందా?

"టెస్టింగ్ లేకపోతే ఎలా సర్?"

"బయటి ఫ్యాక్టరీలో గాలితో పరీక్షించే యంత్రం ఉంది. సగం చేసిన కుళాయిలు అక్కడికే పంపేద్దాం. అది కూడా ఆలోచించే రాశావు కదా?"

"మా అక్క అక్కడే పనిచేస్తుంది సర్."

"తెలుసు." ఆయన గొంతు మెత్తబడింది. "సొంత అక్క ఉన్న సెక్షన్ రాశావంటే ఎంత నిజాయితీ ఉండాలి! నేను రాత్రి మా ఆవిడకి కూడా చెప్పాను. మీ అక్క గురించి బెంగ పెట్టుకోకు, స్టోర్స్‌కి మారుద్దాం. అరవై ఒక్క మంది పోయినా యాభై దాటుతుందిగా?"

ఆమె నోట్లోంచి, ఆమె ప్రమేయం లేకుండానే, లెక్క వచ్చేసింది. "దాటుతుంది సర్."

ఆ మాట అన్నందుకు ఆమె తనని తాను ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు. కానీ అంది. నాలుక కొరుక్కున్నా మాట వెనక్కి రాదు కదా.

తన గదికి వచ్చి తలుపేసుకుంది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. జాబితా వేసే సంస్థ వాళ్ళ నిబంధనల పుస్తకం తీసి, ఎక్కడైనా అడ్డుపుల్ల దొరుకుతుందేమోనని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా ఆ పుస్తకం ఆమె బల్ల మీదే ఉంది. అందులో మధ్యలో, చిన్న అక్షరాల్లో, దొరికింది. ఉద్యోగుల సంఖ్య అంటే ఏడాది చివరి రోజు సంఖ్య కాదు, పన్నెండు నెలల సగటు. ఇన్నాళ్ళూ ఇక్కడి సంఖ్య మారలేదు కాబట్టి ఆమెకి ఆ తేడా పట్టలేదు. ఇప్పుడు లెక్కవేస్తే, ఆఖరి నెలలో అరవై రెండు మందిని పీకేసినా నలభై తొమ్మిది పాయింట్ ఐదు. యాభై రాదు!

ఆమె లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు రెండేసి ఎక్కి ఎండీ గదికి పరిగెత్తింది. ప్రాణం లేచొచ్చినట్టు ఉంది. ఆయాసపడుతూనే పుస్తకం చూపించింది, పేజీ చూపించింది, లెక్క చూపించింది. "తీసేసినా లాభం లేదు సర్. ఒక్క పాయింటు కూడా రాదు."

ఆయన ఓపిగ్గా చదివాడు. పాపం, నిజంగానే దిగులుపడ్డాడు. కాసేపు పటం వైపు చూశాడు.

"వచ్చే ఏడాది మొత్తం ఆ అరవై రెండు మంది లేకుండానే నడిస్తే? సగటు ఎంత?"

ఆమె పుస్తకం మూసింది.

"చెప్పమ్మా."

"యాభై పాయింట్ నాలుగు."

"మరింకేం! ఇప్పుడే మొదలుపెట్టడం మంచిదైంది. లేకపోతే వచ్చే ఏడూ పోయేది." ఆయన మొహం వెలిగిపోయింది. "శుక్రవారం ఉత్తరాలు ఇచ్చేద్దాం. మంచి పని చేశావు, ఇది చూసుకోకపోతే నలుగురిలో నవ్వులపాలయ్యేవాళ్ళం."

ఆమె మెట్లు ఒక్కొక్కటీ దిగి వచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర అక్కతో ఏమీ చెప్పలేకపోయింది. దారంతా అక్కే మాట్లాడింది. ఇంటికొచ్చి అక్క కూరగాయలు ముందేసుకుని కూర్చున్నాక, చెల్లెలు ఎదురుగా నేల మీద కూర్చుని, మొత్తం చెప్పింది. పసుపు వరస దగ్గర మొదలుపెట్టి శుక్రవారం దాకా. మధ్యలోనే అక్క చేతిలో కత్తి ఆగిపోయింది.

"నాకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పు" అంది అక్క ఆఖరికి. "యాభై రావాలంటే అసలు ఎంతమంది పోతే చాలు?"

చెల్లెలికి ఆ లెక్క తెలుసు. మధ్యాహ్నమే వేసింది. వేసి, ఎవరికీ చెప్పకుండా మూసేసింది. ముప్పై ఎనిమిది మంది చాలు అని ఎండీకి చెప్తే, ఆ ముప్పై ఎనిమిది మంది ఎవరో కూడా చెప్పమంటాడు కదా అని భయపడింది.

"ముప్పై ఎనిమిది."

"మరి అరవై రెండు ఎందుకు వేశావే?"

"నువ్వు రోజూ అంటావు కదా అక్కా. అదే చేతికొచ్చేసింది."

అక్క ఆమె వైపు చూసింది. అరిచి ఉంటే బాగుండేది, నాలుగు తగిలించి ఉంటే ఇంకా బాగుండేది.

"అవును, రోజూ అన్నాను" అంది. "ఇంటికొచ్చి నీకు చెప్పిందంతా వాళ్ళ కబుర్లేగా. పొడుగాయన సంగతి చెప్పలా? ఆయన భార్యకి కళ్ళు కనిపించవని, కుళాయి ఎటు తిప్పాలో ఆవిడకి తెలిసేలా పిడికి గీత పెట్టుకెళ్ళాడని? కవలల తల్లి సంగతి చెప్పలా? పెద్దాయనకి ఇంకా పధ్నాలుగు నెలలే సర్వీసు ఉందని చెప్పలా? అన్నీ విన్నావు. ఊఁ కొట్టావు, నవ్వావు కూడా. నీకు అంకె ఒక్కటే గుర్తుందా తల్లీ?"

"స్టోర్స్‌కి వెళ్ళు అక్కా. ఒప్పుకో. నువ్వైనా…"

"నోర్మూయ్."

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ నీళ్ళకి ఆ వేళ్ళ కొనలు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుంటే సన్నటి కారుడు తెలియదు, ఉత్త వేలితో కుళాయి మెడ చుట్టూ తడమాల్సిందే.

"రేపు నువ్వే వచ్చి చెప్పు వాళ్ళకి" అంది. "శుక్రవారం కాగితం చూసి తెలుసుకోకూడదు. నా నోటితో మాత్రం చెప్పించకు, నేను చెప్పలేను." ఆ రోజు పొయ్యి మీద ఏమీ పెట్టలేదు. ఇద్దరూ అలాగే పడుకున్నారు.

మర్నాడు చెల్లెలు ఆ ఖాళీ జాగా దాటి షెడ్డులోకి వెళ్ళింది. ఆరేళ్ళల్లో మొదటిసారి. నేలంతా తడి. వాళ్ళు ఆమెని చూసి ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "ఇదిగో, మన చెల్లెమ్మ వచ్చింది!" అని ఒకరు స్టూలు తుడిచి వేశారు, ఒకరు టీ పోసిచ్చారు. కవలల తల్లి దగ్గరికొచ్చి, "మా కంపెనీ ఎంత గొప్పదో కొలిచేది మా చెల్లెలే అని మీ అక్క మమ్మల్ని చంపుకు తింటుందమ్మా" అంది. అందరూ నవ్వారు. పొడుగాయన, "ఎంతొచ్చిందేంటి ఈ ఏడు?" అని అడిగాడు. పైనుంచి మనిషి దిగి వచ్చిందంటే శుభవార్తే అనుకున్నారు వెర్రివాళ్ళు.

అక్క పంపు వేయలేదు. గోడ వారన బల్ల దగ్గర నిలబడింది.

చెల్లెలు చెప్పింది. తన పసుపు వరస సంగతి కూడా దాచకుండా చెప్పింది. ముప్పై ఎనిమిది సంగతి కూడా చెప్పింది. ఈ ఏడాది ఎలాగూ యాభై రాదని కూడా చెప్పింది. చెప్పడం అయిపోయాక తిడతారని తలొంచుకుని నిలబడింది. తిట్లు తింటే కొంచెం బరువు దిగుతుందని ఆశపడింది, నిజం చెప్పాలంటే.

ఎవరో ఒకామె పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది. అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పధ్నాలుగు నెలల సర్వీసు ఉన్నాయన.

"మీ అక్కనైనా ఉంచుతారా అమ్మా?"

చెల్లెలు తలెత్తింది. అందరూ అదే మాటకి జవాబు కోసం చూస్తున్నారు.

"స్టోర్స్‌లో ఉంచుతామన్నారు. తనే వద్దంది."

అంతే, వాళ్ళంతా అక్క మీద పడ్డారు. "బుద్ధుందా నీకు?" అని పెద్దాయన కసిరాడు. "మాతో పాటు నువ్వు కూడా రోడ్డున పడితే మాకేం ఒరుగుతుంది? ఉండు. ఒక్కరైనా ఉండనీ." "ఉండు అక్కా, మా మీద ఒట్టు" అంది కవలల తల్లి. పొడుగాయన ఇటు తిరిగి, "నువ్వైనా నచ్చజెప్పమ్మా, నీ మాట వింటుంది" అని చెల్లెలిని బతిమాలాడు. ఆమెని ఒక్క మాట అనలేదు. ఒక్కరు కూడా అనలేదు.

చెల్లెలికి అక్కడ దుఃఖం ఆగలేదు. స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మిమ్మల్ని చూడలేదు, ఒక్కసారి వచ్చి చూసినా ఆ అంకె వేసేదాన్ని కాదు, అని ఏడుపులోనే ఏదో అంది. వాళ్ళు చుట్టూ మూగారు. ఒకరు నీళ్ళిచ్చారు. ఒకరు వీపు నిమిరారు, ఊరుకో తల్లీ, తెలిసి చేశావా ఏంటి అన్నారు. తెల్లగా నానిన వేళ్ళు ఎవరివో ఆమె చెంపలు తుడిచాయి.

ఆ వేళ్ళు అక్కవేమో అని తలెత్తి చూసింది. కావు. అక్క ఆ గోడ వారనే ఉంది, ఇటు వీపు పెట్టి, తడే లేని బల్లని గుడ్డతో తుడుస్తోంది.

"అక్కా" అని పిలిచింది చెల్లెలు.

అక్క తుడుస్తూనే ఉంది.